మొదటి మిడ్ తర్వాత ఖాళీ అవుతున్న బెంచీలు

సంపాదకులకు నమస్కారం.

ఈఏపీసెట్ కౌన్సెలింగ్ మొదలైతే చాలు, మీ పత్రిక జిల్లా పేజీలు సీట్ల లెక్కలతో నిండిపోతాయి. ఏ కళాశాలలో ఎన్ని సీట్లు భర్తీ అయ్యాయి, కంప్యూటర్ సైన్సు (సీఎస్‌ఈ) ఏ ర్యాంకు దగ్గర ఆగింది, సివిల్, మెకానికల్‌లో ఎన్ని మిగిలాయి, అన్నీ వస్తాయి. నాలుగేళ్లు తిరిగేసరికి ప్యాకేజీల వార్తలు, ఉద్యోగాలు వచ్చినవారి ఫొటోలు. ఈ రెండింటి నడుమ ఎంతమంది పిల్లలు జారిపోయారన్న లెక్క మాత్రం ఏ పేజీలోనూ కనిపించదు. విశాఖ చుట్టుపక్కల ఉన్న ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కళాశాలలో పదేళ్లకు పైగా మొదటి సంవత్సరం పిల్లలకు సి ప్రోగ్రామింగ్ చెబుతున్నాను. ఆ జారిపోవడం ఎక్కడ మొదలవుతుందో దగ్గర నుంచి చూస్తున్నదాన్ని కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఇంజనీరింగ్ మానేయడమంటే ఒక రోజు వచ్చి టీసీ తీసుకుని వెళ్లిపోవడమని చాలామంది అనుకుంటారు. అలా వెళ్లేవారు తక్కువ. మొదట ఒక ల్యాబ్ ఎగ్గొడతారు. అందులో చెప్పింది రాదు కాబట్టి తర్వాతి ల్యాబ్‌కు రావడానికి మొహం చెల్లదు. సెమిస్టరు నడుమ పెట్టే మొదటి పరీక్షలో, అంటే మొదటి మిడ్‌లో, మార్కులు ఒంటి అంకెలో ఆగుతాయి. హాజరు 75 శాతం కన్నా దిగుతుంది, ఆ లోటును మన్నించడానికి కండొనేషన్ ఫీజు కట్టాల్సి వస్తుంది. సెమిస్టరు ఫలితాల్లో ఎం-వన్ అనే మొదటి గణితం పేపరు, ఫిజిక్స్, సి మూడూ పోతాయి. సప్లిమెంటరీ పరీక్షకు (సప్లీకి) ఫీజు కడతారు గానీ చదివించేవారు ఉండరు, మళ్లీ పోతాయి. తప్పిన సబ్జెక్టులు, అంటే బ్యాక్‌లాగులు, పేరుకుపోయి, పై ఏడాదికి వెళ్లడానికి క్రెడిట్లు చాలక అదే ఏడాదిలో ఆగిపోతారు (డిటైన్ అవుతారు). అప్పటికి తమ్ముడి చదువు, చెల్లి పెళ్లి, నాన్న ఆరోగ్యం ముందుకొస్తాయి. గాజువాకలోనో అనకాపల్లిలోనో ఏదో ఒక దుకాణంలో కుదురుకుంటారు. రిజిస్టరులో పేరు అలాగే ఉంటుంది. కోర్సు పూర్తి చేయడానికి జేఎన్‌టీయూ నిబంధనల్లో ఎనిమిదేళ్ల గడువు ఉంది. అందుకే కాగితం మీద వారు ఇంకా విద్యార్థులే. అందుకే ఎవరికీ వార్త కారు.

ఒక ల్యాబ్ సంగతి చెబుతాను. సెమిస్టరు మొదలైన కొత్తలో, రెండు సంఖ్యలు తీసుకుని కూడి చూపించే ప్రోగ్రాం ఇచ్చాను. పాడేరు వైపు నుంచి వచ్చిన ఒక అబ్బాయి ఉన్నాడు. ఆశ్రమ పాఠశాలలో తెలుగు మాధ్యమంలో చదివి, ఇంటర్ ఎంపీసీలో మంచి మార్కులు తెచ్చుకున్నవాడు. బోర్డు మీద చెప్పినదంతా నోటుపుస్తకంలో పొందికగా రాసుకున్నాడు. కీబోర్డు మీద ఫ్లవర్ బ్రాకెట్ ఎక్కడుందో వెతుక్కోవడానికే చాలా సేపు పట్టింది. షిఫ్ట్ మీట నొక్కి పట్టుకోవాలని అతనికి ఎవరూ చెప్పలేదు. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ టైపు చేసి నడిపితే, మొదటి సంఖ్య ఇవ్వగానే ప్రోగ్రాం కుప్పకూలింది. టైపు చేసిన సంఖ్యను తీసుకునే స్కాన్‌ఎఫ్ ఆదేశంలో, చలరాశి పేరుకు ముందు పెట్టాల్సిన యాంపర్‌సండ్ (&) గుర్తు పడలేదు. అలవాటైనవారికి అది క్షణంలో కనిపించే పొరపాటు. మనం రాసినదాన్ని యంత్రభాషలోకి మార్చే కంపైలర్ దాన్ని పట్టి ఆపదు, ఒక హెచ్చరిక చూపించి వదిలేస్తుంది. ఆ హెచ్చరిక కొత్తవారికి ఒక పట్టాన అర్థం కాని ఇంగ్లిషులో ఉంటుంది. అతను ప్రోగ్రాం మొత్తం చెరిపేసి మళ్లీ మొదటి నుంచి టైపు చేశాడు. మళ్లీ అదే పొరపాటు, అదే ఫలితం. పక్క సిస్టం ముందున్న అబ్బాయి నగరంలో సీబీఎస్‌ఈ పాఠశాలలోనే పైథాన్ అనే కంప్యూటర్ భాష నేర్చుకుని వచ్చినవాడు. అతను అప్పటికే ఆ వారం ప్రోగ్రాంలన్నీ ముగించి కూర్చున్నాడు.

అరవై మంది మధ్య తిరుగుతూ నేను ఇతని దగ్గరికి చేరేసరికి ల్యాబ్ సమయం అయిపోవచ్చింది. “ప్రశ్న అర్థమైంది మేడమ్. లెక్క కూడా వచ్చు. నాకు కంప్యూటరే రాదు,” అన్నాడు, తలెత్తకుండా. పక్కన కూర్చుని, “నువ్విచ్చిన సంఖ్యను ఎక్కడ దాచాలో కంప్యూటర్‌కు చిరునామా చెప్పాలి నాన్నా, అది చెప్పలేదు, అంతే,” అని ఆ ఒక్క గుర్తు పెట్టించాను. ప్రోగ్రాం నడిచింది. ఆ పూట నేను అతని దగ్గరికి చేరకపోయి ఉంటే మరుసటి వారం అతను ల్యాబ్‌కు వచ్చేవాడు కాదని నాకు గట్టి నమ్మకం. నేను చేరలేకపోయినవారు ఎందరో ఉన్నారు. అరవై మందికి ఒక అధ్యాపకురాలు, ఒక ల్యాబ్ సహాయకుడు ఉన్నచోట ఇంకెలా ఉంటుంది?

ఇలాంటి పిల్లల గురించి స్టాఫ్ రూముల్లో తరచూ వినిపించే మాట ‘వీళ్లకు బేసిక్స్ లేవు, ఇంజనీరింగ్‌కు పనికిరారు’ అన్నది. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. మొదటి ప్రోగ్రామింగ్ కోర్సు ప్రపంచంలో అన్నిచోట్లా పిల్లలను తడబెడుతోంది. డెన్మార్క్‌కు చెందిన బెన్నెడ్‌సెన్, కాస్పర్‌సన్ పలు దేశాల విశ్వవిద్యాలయాల నుంచి లెక్కలు సేకరించి, సగటున 33 శాతం మంది ఆ కోర్సు తప్పుతున్నారని 2007లో ప్రకటించారు. ఇంగ్లండ్‌లోని డరమ్ విశ్వవిద్యాలయంలో వాట్సన్, లీ 2014లో మరింత విస్తారంగా చూసినా దాదాపు అదే అంకె వచ్చింది. మన దేశంలో ఐఐటీలనే చూడండి. 2015లో రూర్కీ ఐఐటీ మొదటి ఏడాది మార్కులు చాలలేదని 70 మందికి పైగా విద్యార్థులను తొలగించి, తర్వాత వెనక్కి తీసుకుంది. జేఈఈలో లక్షల మందిని దాటి వచ్చిన పిల్లలు వారు. వారికి తెలివి లేదని ఎవరనగలరు? అమెరికాలో ఎలైన్ సీమోర్, నాన్సీ హెవిట్ ఏడు విద్యాసంస్థల్లో సైన్సు, ఇంజనీరింగ్ వదిలేసినవారితోనూ నిలిచినవారితోనూ కూర్చుని మాట్లాడారు. వదిలినవారికీ నిలిచినవారికీ సామర్థ్యంలో చెప్పుకోదగ్గ తేడా లేదనీ, పాఠం చెప్పే తీరు బాగాలేదని ఇరువర్గాలూ వాపోయాయనీ 1997లో రాశారు.

ఈ విషయంలో నేను మళ్లీ మళ్లీ తలచుకునేది యూరీ ట్రైస్‌మన్ చేసిన పని. 1970లలో ఆయన అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థి. నల్లజాతి విద్యార్థులు కాలిక్యులస్‌లో ఎందుకు వెనకబడుతున్నారని అధ్యాపకులను అడిగాడు. పునాది లేదు, పట్టుదల లేదు, ఇంట్లో చదువు వాతావరణం లేదు అన్నారు. మన స్టాఫ్ రూములో వినిపించే జవాబులే. ఆయన ఆ మాటలు నమ్మి ఊరుకోలేదు. పిల్లల వెంట వెళ్లి వారు ఎక్కడ, ఎలా చదువుతున్నారో నెలల తరబడి గమనించాడు. చైనా మూలాలున్న విద్యార్థులు లెక్కలు ముందు ఎవరికి వారు చేసుకుని, తర్వాత ఒకచోట చేరి ఒకరి జవాబులు ఒకరు దిద్దుకుంటున్నారు. పరీక్షల్లో ఏం అడుగుతారో, తాము ఎక్కడున్నారో వారికి ఆ కూటమిలోనే తెలిసిపోతోంది. నల్లజాతి పిల్లలు కష్టపడటంలో ఏమీ తీసిపోలేదు గానీ ఒంటరిగా చదువుతున్నారు. తప్పు ఎక్కడ పోతోందో చెప్పే తోడు లేదు. ట్రైస్‌మన్ వారికోసం సులువు లెక్కల తరగతి పెట్టలేదు. కఠినమైన లెక్కలే ఇచ్చి, కలిసి కూర్చోబెట్టి చేయించాడు. మార్కులు పెరిగాయి, చదువులో నిలిచినవారూ పెరిగారు.

మన దగ్గర జరుగుతున్నది దీనికి సరిగ్గా తలకిందులు. మిడ్ మార్కులు రాగానే ‘స్లో లెర్నర్స్’ అని ఒక జాబితా తయారవుతుంది. కళాశాల గుర్తింపు (అక్రెడిటేషన్) కోసం పెట్టే ఫైలులో ఆ జాబితా ఉండాలి. కొన్నిచోట్ల దాన్ని నోటీసు బోర్డులోనూ అంటిస్తారు. పద్దెనిమిదేళ్ల పిల్లవాడి పేరు, వాడి ఊరి పిల్లలూ, వాడు ఇష్టపడిన అమ్మాయీ చూసేచోట, ఆ మాట కింద అంటించడం ఏ చదువో నాకు తెలియదు. ఆ తర్వాత రెమెడియల్ క్లాసు అంటారు. అది కళాశాల బస్సులు కదిలే వేళకు పెడతారు. విజయనగరం వైపు వెళ్లాల్సినవారు, అనకాపల్లి దాటి వెళ్లాల్సినవారు బస్సు వదులుకోలేరు. హాజరు పట్టీలో సంతకాలు పడతాయి, క్లాసు జరిగినట్టు ఫైలులో చేరుతుంది.

మొదటి సెమిస్టరులోనే, పెద్ద ఖర్చు లేకుండా, మార్చగలిగినవి చాలా ఉన్నాయి. అమెరికాలో హార్వీ మడ్ అనే చిన్న ఇంజనీరింగ్ కళాశాలలో 2006 ప్రాంతంలో కంప్యూటర్ సైన్సు తీసుకునేవారిలో అమ్మాయిలు పదో వంతే ఉండేవారు. మొదటి ప్రోగ్రామింగ్ కోర్సును, ముందే నేర్చుకుని వచ్చినవారికి ఒక సెక్షనుగా, కీబోర్డు ముట్టనివారికి ఒక సెక్షనుగా విడదీశారు. రెండు సెక్షన్లలోనూ చివరికి చేరాల్సిన మెట్టు ఒక్కటే. కోర్సునూ పైథాన్‌లోకి మార్చి, నిజజీవితపు సమస్యలు తెచ్చారు. కొన్నేళ్లలో అమ్మాయిలు 40 శాతం దాకా చేరారు. మన కళాశాలల్లో సెక్షన్లు ర్యాంకు ప్రకారమో, చేరిన వరుసలోనో వేస్తారు. చేరిన రోజు ‘ఇదివరకు ప్రోగ్రాం రాశావా?’ అని ఒక్క ప్రశ్న అడిగి ల్యాబ్ బ్యాచ్‌లు వేయడానికి ఏ విశ్వవిద్యాలయం అనుమతీ అక్కర్లేదు.

ఇద్దరికి ఒక సిస్టం మన దగ్గర చాలాచోట్ల ముందు నుంచీ ఉన్నదే, సిస్టంలు చాలక. అందులో కీబోర్డు ఎప్పుడూ వచ్చినవాడి చేతిలో ఉంటుంది, రానివాడు రికార్డు రాస్తాడు. ఏడాది చివరికి వాడి రికార్డు ముత్యాల్లా ఉంటుంది, చేతికి ఒక్క ప్రోగ్రామూ రాదు. శాంటా క్రజ్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో మెక్‌డొవెల్, వెర్నర్ బృందం ఇదే ఏర్పాటును పద్ధతిగా చేసి చూసింది. ఒకరు టైపు చేస్తుంటే మరొకరు తప్పులు పట్టాలి, కొంతసేపటికి స్థానాలు మారాలి. అలా జంటగా నేర్చుకున్నవారు కోర్సు పూర్తి చేయడంలోనూ, తర్వాత కంప్యూటర్ సైన్సులో కొనసాగడంలోనూ ముందున్నారు. నా బ్యాచ్‌ల్లో ఇది పెట్టాక ల్యాబ్‌లో మాటలు పెరిగాయి. గొడవగా ఉందని పక్క గదివారు విసుక్కుంటారు. అయినా నేను మానలేదు, ఎందుకంటే సిగ్గుపడి నన్ను అడగలేని ప్రశ్నను అమ్మాయిలు పక్కనున్నవారిని అడుగుతున్నారు.

తెలుగు గురించి ఒక మాట. 2021 నుంచి భారతీయ భాషల్లోనూ ఇంజనీరింగ్ చెప్పడానికి అఖిల భారత సాంకేతిక విద్యామండలి (ఏఐసీటీఈ) అనుమతి ఇచ్చింది. నేను అంత దూరం అడగడం లేదు. పుస్తకం ఇంగ్లిషులో ఉండనివ్వండి, పరీక్ష ఇంగ్లిషులో ఉండనివ్వండి. మొదటి సెమిస్టరులో సందేహం తెలుగులో అడిగితే తెలుగులో చెప్పే స్వేచ్ఛ అధ్యాపకులకూ పిల్లలకూ ఇవ్వండి. క్లాసులో తెలుగు మాట్లాడితే తప్పన్నట్టు చూసేచోట ప్రశ్నలే పుట్టవు.

ఒకసారి మొదటి మిడ్ తర్వాత హాజరు బాగా తగ్గిన ఒక అబ్బాయి ఇంటికి ఫోన్ చేశాను. కళాశాల నుంచి ఇంగ్లిషులో ఎస్సెమ్మెస్‌లు వెళుతూనే ఉన్నాయి. ఆ తల్లికి చదవడం రాదు. “మావాడు రోజూ తెల్లారి ఆరున్నరకే వెళుతున్నాడు మేడమ్ గారూ, క్యారేజీ కట్టి నేనే పంపుతున్నానండి,” అంది. కుర్రాడిని పిలిపించి మాట్లాడితే తెలిసింది: తగరపువలస జంక్షన్‌లో దిగిపోయి సాయంత్రం వరకు అక్కడే తిరిగి, మళ్లీ వేళకు ఇల్లు చేరుతున్నాడు. క్లాసులో ఇంగ్లిషులో జవాబు చెప్పలేక నిలబడినప్పుడు అందరూ నవ్వారట. అంతకు మించి కారణం ఏమీ లేదు. చదువు రాక కాదు, ఆ నవ్వు మళ్లీ వినలేక. అతన్ని ఒక సీనియర్‌కు జత చేశాం, ఆ క్లాసు చెప్పే అధ్యాపకుడితో మాట్లాడాను. ఇప్పుడు మూడో ఏడాదిలో ఉన్నాడు. రెండు సబ్జెక్టులు ఇంకా మిగిలే ఉన్నాయి గానీ రోజూ వస్తున్నాడు. ఆ ఫోన్ కాల్ నా ఉద్యోగంలో భాగం కాదు. ఎవరి ఉద్యోగంలోనూ భాగం కాకపోవడమే నా బాధ.

ఏది మా ఉద్యోగంలో భాగమో చెబుతాను. వేసవిలో అడ్మిషన్ల కోసం చాలా ప్రైవేటు కళాశాలలు అధ్యాపకులను ఊళ్ల మీదకు పంపుతాయి. ఇంటర్ కళాశాలల చుట్టూ తిరగాలి, ఫోన్ నంబర్లు సేకరించాలి, తల్లిదండ్రులకు పదేపదే ఫోన్లు చేయాలి. ఎవరు ఎంతమందిని తెచ్చారో లెక్క రాస్తారు. చేర్చుకోవడానికి అన్ని ఫోన్లు చేయించే యాజమాన్యం, చేరిన పిల్లవాడు క్లాసుకు రానప్పుడు ఒక్క ఫోన్ ఎందుకు చేయించదు? అడ్మిషన్లకు పెట్టే శ్రమలో పదో వంతు మొదటి మిడ్ తర్వాతి రెండు వారాల మీద పెడితే చాలు. పైగా అనుభవం ఉన్న అధ్యాపకులను మూడు, నాలుగో ఏడాదికి ఉంచి, అప్పుడే ఎంటెక్ ముగించి వచ్చినవారికి మొదటి ఏడాది అప్పగించడం రివాజయింది. ఆ కొత్త అధ్యాపకులు మనసు పెట్టి చెబుతారు, కాదనను. కానీ అతి కష్టమైన పని అతి కొత్తవారికి ఇస్తున్నాం.

కౌన్సెలింగ్ చివరి విడతల్లో, ఆ తర్వాతి స్పాట్ అడ్మిషన్లలో చేరేవారి సంగతి మరీ అన్యాయం. వారు వచ్చేసరికి ప్రోగ్రామింగ్‌లో లూపుల పాఠాలు అయిపోయి ఉంటాయి, మొదటి మిడ్ దగ్గర పడుతుంది. వారికి విడిగా నాలుగు శనివారాలు కేటాయించినా నిలదొక్కుకుంటారు. ఏఐసీటీఈ మూడు వారాల ఇండక్షన్ కార్యక్రమం పెట్టమంది. చాలాచోట్ల అది ఉపన్యాసాలతో, సాంస్కృతిక కార్యక్రమాలతో గడిచిపోతోంది. అందులో సగం రోజులు టైపింగుకు, ఇంటర్‌లో బట్టీ పట్టి దాటేసిన అవకలన, సమాకలనాలకు ఇవ్వవచ్చు. 2008లో గ్రామీణ పిల్లల కోసం ట్రిపుల్ ఐటీలు పెట్టినప్పుడు ఇంజనీరింగ్‌కు ముందు ఇంటర్‌తో సమానమైన రెండేళ్ల పీయూసీ పెట్టారు. వంతెన అవసరమని ఈ రాష్ట్రానికి తెలియక కాదు. ఈసెట్ ప్రవేశ పరీక్ష ద్వారా నేరుగా రెండో ఏడాదిలో చేరే డిప్లొమా పిల్లలకూ గణితంలో ఇలాంటి సాయమే కావాలి.

నిజంగా వెళ్లిపోదలచినవారూ ఉంటారు. తల్లిదండ్రుల ఒత్తిడితో సీఎస్‌ఈలో చేరి, మనసు ఇంకెక్కడో ఉన్నవారిని పట్టి ఉంచమని నేననను. 2020 జాతీయ విద్యావిధానం మధ్యలో ఆగినవారికి అప్పటివరకు చదివినదానికి గుర్తింపు ఇమ్మంటోంది. గౌరవంగా పంపండి. మిగిలిన ఏళ్ల ఫీజు కడితేనే ఇంటర్, పది సర్టిఫికెట్లు ఇస్తామని బిగించి కూర్చోవడం చట్టవిరుద్ధం. ఒరిజినల్ సర్టిఫికెట్లు అట్టే పెట్టుకోకూడదని 2018లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) స్పష్టంగా చెప్పింది. అయినా ఆ కాగితాల కోసం కార్యాలయాల వరండాల్లో పడిగాపులు కాసే తండ్రులను నేను చూశాను. ప్రభుత్వం నుంచి ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆలస్యమైతే పిల్లల హాల్‌టికెట్లు ఆపడమూ అలాంటిదే.

నా ప్రధానమైన కోరిక ఒక్కటే. ఇంజనీరింగ్ కోర్సుల నాణ్యత చూసే జాతీయ సంస్థ ఎన్‌బీఏ గుర్తింపు కోసం దరఖాస్తు చేసే ప్రతి కళాశాలా, చేరినవారిలో ఎంతమంది బ్యాక్‌లాగు లేకుండా పై ఏడాదికి వెళ్లారో, ఎంతమంది నాలుగేళ్లలో పూర్తి చేశారో లెక్క కట్టి నివేదికలో రాయాల్సిందే. అంటే ఆ అంకెలు బ్రాంచీలవారీగా కళాశాలల దగ్గర సిద్ధంగా ఉన్నాయి. కౌన్సెలింగ్‌లో కళాశాలలను ఎంచుకుని వెబ్ ఆప్షన్లు ఇచ్చే తల్లిదండ్రులకు ఫీజు కనిపిస్తుంది, కళాశాల కోడ్ కనిపిస్తుంది, కిందటేడు చివరి ర్యాంకు తెలుస్తుంది. ఈ రెండు అంకెలు మాత్రం కనిపించవు. ఉన్నత విద్యామండలి వాటిని కౌన్సెలింగ్ వెబ్‌సైటులో ప్రతి కళాశాల పేరు పక్కన పెట్టించాలి. పెట్టిన ఏడాదే యాజమాన్యాలు మొదటి సంవత్సరం ల్యాబుల వైపు చూడటం మొదలుపెడతాయి. మంచి మాటలతో కదలనివి అడ్మిషన్ల భయంతో కదులుతాయి.

విశాఖకు ఇప్పుడు మంచి రోజులంటున్నారు. రుషికొండలో టీసీఎస్‌కు ప్రభుత్వం 99 పైసలకే భూమి ఇచ్చింది. 1,500 కోట్ల డాలర్లతో ఇక్కడ కృత్రిమ మేధ కేంద్రం పెడతామని గూగుల్ 2025 అక్టోబరులో ప్రకటించింది. సంతోషమే. ఆ కొలువులు మన జిల్లాల పిల్లలకు దక్కాలంటే పాడేరు, నర్సీపట్నం, పలాస నుంచి వచ్చిన పిల్లలు ముందు రెండో సెమిస్టరు దాకా నిలవాలి.

సంపాదకులకు ఒక విన్నపం. ఈ ఏడాది మొదటి మిడ్ ఫలితాలు వచ్చిన వారంలో మీ విలేకరిని విశాఖలోని ఏవైనా నాలుగు కళాశాలల మొదటి సంవత్సరం ల్యాబులకు పంపండి. రిజిస్టరులో ఎంతమంది ఉన్నారో, సిస్టంల ముందు ఎంతమంది ఉన్నారో రాయమనండి. రానివారి ఇళ్లకు ఎవరు ఫోన్ చేశారని ప్రిన్సిపాళ్లను అడగమనండి. సీట్ల భర్తీ వార్త ఇచ్చిన పేజీలోనే, అంతే స్థలంలో ఆ లెక్క అచ్చు వేయండి.

ఇట్లు,
ఒక ఇంజనీరింగ్ కళాశాల అధ్యాపకురాలు
గోపాలపట్నం, విశాఖపట్నం
(పేరు ప్రచురించవద్దని మనవి)